ఆది జాకెట్టు

మా రోజుల్లో తెనాలిలో ఏ ఆడదీ టైలరుకి ఒళ్ళు కొలవనిచ్చేది కాదు. బాగా అమరిన పాత జాకెట్టు ఒకటి, కొత్త గుడ్డతో కలిపి సంచిలో పెట్టి పంపేవాళ్ళం. దాన్ని ఆది జాకెట్టు అంటారు. టైలరు దాన్ని బల్ల మీద పరిచి, టేపు పెట్టి కొలుచుకుని, కొత్తది కుట్టి రెండూ కలిపి తిరిగిచ్చేవాడు. మనిషి గడప దాటక్కర్లేదు. మనిషికి బదులు జాకెట్టు వెళ్ళి వచ్చేది.

నా ఆది జాకెట్టు వంకాయరంగు నూలుది. ఇద్దరు పిల్లలు పుట్టాక, ఇరవై ఏడో ఏట కుట్టించుకున్నాను. నలభై మూడేళ్ళు వచ్చినా అదే ఆది. అందుకు నాకెంత గర్వమో ఇప్పుడు చెప్పుకోవాలంటే కాస్త సిగ్గుగానే ఉంది. బాపట్లలో ఉండే మా అక్కకి రెండేళ్ళకోసారి ఆది మారిపోయేది. "అక్కా, నీ ఆదితో నాకు రెండు జాకెట్లు వస్తాయే" అని ఏడిపించేదాన్ని. "నీకేమే తల్లీ, డ్రిల్లు మాష్టారి పెళ్ళానివి" అనేది అక్క.

మా ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాష్టారు. ఊళ్ళో పిల్లలందరి చేతులూ ఎత్తించి దింపించిన మనిషి. ఇంట్లో మాత్రం మాటలు బహు తక్కువ. కూర బాగుంటే ఇంకొంచెం వేసుకునేవారు, బాగుండకపోతే వేసుకునేవారు కాదు, అంతే. పొద్దున్నే పెరట్లో నిలబడి కసరత్తు చేసుకునేవారు. అదీ నోరు విప్పకుండానే.

నాకు కసరత్తు మీద గురి లేదు. నా గురి సున్నిపిండి మీద. పెసలు, కచ్చూరాలు, బావంచాలు, ఎండబెట్టిన నారింజ తొక్కలు నేనే విసురుకునేదాన్ని. మరకి పంపితే మెత్తగా అయిపోతుంది, ఒంటికి పట్టదు. వీధిలో వాళ్ళు పాళ్ళు అడిగితే ఏదో ఒకటి తగ్గించి చెప్పేదాన్ని. నా ఒళ్ళు చూసి పక్కింటివాళ్ళు ముచ్చట పడాలనే కోరిక నాకుండేది. ఉండేదని ఒప్పుకోవడానికి ఈ వయసులో భయమేముంది?

మామిడికాయల కాలంలో ఒక శుక్రవారం నలుగు పెట్టుకుంటుంటే, ఎడమ రొమ్ము కింద బఠాణీ గింజంత చేతికి తగిలింది. నొప్పి లేదు. సున్నిపిండిలో గింజ సరిగ్గా నలగలేదేమో అనుకుని చెంబుడు నీళ్ళు పోసుకున్నాను. పోలేదు. చలికాలం వచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందనిపించింది.

ఆపరేషన్ గుంటూరులో అయింది. దాని గురించి నా దగ్గర పెద్దగా కబుర్లేమీ లేవు. నిద్రపోయాను, లేచాను, ఎడమ పక్కన లేదు. నాకు ఏడుపు రాలేదు. పక్క మంచం ఆవిడకు వచ్చింది, ఆవిడ నా తరఫున కూడా ఏడ్చిపెట్టింది. డాక్టరమ్మ మెత్తగా మాట్లాడే మనిషి. "చంక దగ్గర్నుంచి గుండె మధ్య దాకా మీకు స్పర్శ ఉండదమ్మా. కొంత రావచ్చు, రాకపోవచ్చు. చెయ్యి మాత్రం రోజూ గోడ మీద వేళ్ళతో పైకి పాకించండి, లేకపోతే బిగుసుకుపోతుంది" అని చెప్పింది. ఆ రాత్రి కట్టు పక్కన గిల్లి చూసుకున్నాను. ఇంకెవరినో గిల్లినట్టుంది.

ఆ మొద్దుతనం అక్కడితో ఆగలేదు. పిల్లలు వచ్చి చూసి వెళ్ళారు, వచ్చారనీ అనిపించలేదు, వెళ్ళారనీ అనిపించలేదు. పెట్టింది తిన్నాను. ఉప్పు తక్కువైందని ఎవరో అంటే, అవునా అనుకున్నాను.

కోలుకోవడానికి అక్క నన్ను బాపట్ల తీసుకెళ్ళిపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఏం చెప్పాలన్నది అక్కే తేల్చేసింది. గర్భసంచి తీసేశారని చెప్పింది. మా వయసు ఆడదానికి ఆపరేషన్ అంటే గర్భసంచే, ఇంకేదీ ఎవరి ఊహకీ రాదు. వాళ్ళు మంచం చుట్టూ చేరి, బరువులెత్తకు, మెట్లెక్కకు, పనసకాయ ముట్టకు అని చెప్పేవారు. నేను తలూపేదాన్ని. రెండు నెలలు లేని జబ్బుకి పథ్యం చేశాను.

నా మీద నేను జాలిపడే అవకాశం అక్క నాకివ్వలేదు. పొద్దున్నే హాల్లో గోడ దగ్గర నిలబెట్టేది. ఎడమ చేతి వేళ్ళు గోడ మీద మెల్లగా పైకి పాకించాలి. ఎక్కడ ఆగితే అక్కడ బొగ్గుతో గీత గీసేది. "నిన్నటి గీత దాటితేనే కాఫీ" అనేది. మొదటి గీత నడుము దగ్గర. నేను తెనాలి వచ్చేసేనాటికి గడ్డం దాకా వచ్చింది. అంతే చాలనుకున్నాను. ఆ చేత్తో ఆకాశాన్ని అందుకునే పనేం లేదుగా నాకు.

తెనాలి వచ్చాక రెండు మార్పులు జరిగాయి. ఒకటి, మా ఆయన మంచం హాల్లోకి మార్చుకున్నారు. "నీకు చెయ్యి చాపుకోడానికి చోటుండాలి కదా" అన్నారు. నేను ఊఁ అన్నాను. ఇంక నాతో పనేముందిలే ఆయనకి, అనుకున్నాను. అలా అనుకున్నప్పుడు కూడా పెద్దగా బాధ కలగలేదు. రెండోది, పెరట్లో కసరత్తు చేసేటప్పుడు ఆయన పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఒకటి... రెండు... మూడు... అంకెకీ అంకెకీ మధ్య చాలా వ్యవధి. ముసలితనం వచ్చిందేమో, ఊపిరి అందట్లేదేమో అనుకున్నాను. నేను వంటింటి గోడ దగ్గర నిలబడి, ఆ లెక్కకి వేళ్ళు పాకించుకునేదాన్ని. ఆయనకు తెలుసో లేదో అడగలేదు. నోరు విప్పని మనిషి నోరెందుకు విప్పారన్న ఆలోచన నాకు రాలేదు.

జాకెట్ల సంగతికొస్తాను. నేను మామూలుగానే వంకాయరంగు ఆదిని సంచిలో పెట్టి, మా ఆయన సైకిలుకి తగిలించి టైలరు దగ్గరికి పంపాను. అది మొగుడూ పెళ్ళాం కలిసి నడిపే కొట్టు. ముందు గదిలో సాయిబు చొక్కాలు, లాగూలు కుట్టేవాడు. తెర వెనక ఆయన భార్య ఆడవాళ్ళవి కుట్టేది. ఏమీ జరగనట్టుగా జాకెట్లు వచ్చాయి, రెండు వైపులా సమానంగా, ఇరవై ఏడేళ్ళదాని జాకెట్లు. వాటిని చూస్తే నాకు హాయిగా ఉండేది. పాత ధోవతి ముక్కలో బూరుగుదూది కూరి ఉండ కుట్టుకున్నాను. దాన్ని ఎడమ వైపు పెట్టి, లోపలినుంచి పిన్నీసు గుచ్చుకునేదాన్ని. స్నానం చీకట్లోనే చేసేదాన్ని. అటువైపు నాలుగు చెంబుల నీళ్ళు పోసి ఊరుకునేదాన్ని, సున్నిపిండి లేదు, నూనె లేదు. బొట్టు పెట్టుకోవడానికి అరచేతంత అద్దం చాలు, అందులో ముఖం తప్ప ఇంకేదీ కనపడదు. అలా ఆరు నెలలు గడిచాయి. ఎవరికీ తెలియదు, ఇంకెప్పటికీ తెలియదు అనుకున్నాను.

రేపల్లెలో మా ఆడపడుచు కొడుకు పెళ్ళి వచ్చింది. రైల్లో వెళ్ళాం. నేను పెద్ద వదినగారిని కాబట్టి పసుపు దంచడానికి మొదట నన్నే పిలిచారు. పెళ్ళి పనులు ఆ పసుపుతోనే మొదలవుతాయి. రోలు చుట్టూ పాట పాడుతూ ముత్తయిదువలు, రోట్లో పసుపు కొమ్ములు. ఆ రోజు నేను పట్టు జాకెట్టు తొడుక్కున్నాను. పిన్నీసు గుచ్చితే పట్టు పాడైపోతుందని గుచ్చలేదు. చూశారా, అంత జరిగాక కూడా నా దృష్టి పట్టు మీదే ఉంది.

రోకలి రెండు చేతులా ఎత్తి నాలుగు పోట్లు వేశాను. ఎడమ చెయ్యి గడ్డం దగ్గర ఆగిపోతోంది. అయిదో పోటుకి బలవంతంగా పైకి లాగాను. జాకెట్టు పైకి పోయింది. దూది ఉండ జారి అంచు కిందనుంచి నేల మీద పడింది. నాకు తెలియలేదు. తెలియడానికి అక్కడ ఏమీ లేదు కదా. నేను ఇంకో పోటు కూడా వేశాను.

పెనుమూడి నుంచి వచ్చిన ముసలమ్మ ఒకావిడ వంగి దాన్ని తీసింది. "ఇదేదో పడిందే అమ్మాయ్, నీదేనా?" అంది. పాపం, ఆవిడకి చూపు ఆనదు. మిగతావాళ్ళు ముందు ఆ ఉండ కేసి చూశారు, తరవాత నా కేసి చూశారు. పాట ఆగిపోయింది.

"నాదే పిన్నీ" అని అందుకుని బొడ్లో దోపుకున్నాను. రోకలి పక్కావిడకి ఇచ్చాను. అక్కణ్ణుంచి పరుగెత్తలేదు, ఏడవలేదు. మధ్యాహ్నం భోజనంలో మారు వడ్డిస్తే తిన్నాను కూడా. "వదినా, గర్భసంచి అన్నారుగా..." అని ఆడపడుచు మొదలుపెట్టి ఆపేసింది. తిరుగు రైల్లో మా ఆయన కిటికీలోంచి చూస్తూ కూచున్నారు. ఆయన చెవిన పడిందని నాకు తెలుసు.

ఇంటికొచ్చాక ఒక నిర్ణయానికి వచ్చాను. ఇంక ఏ శుభకార్యానికీ వెళ్ళను. దాంట్లో దుఃఖం కూడా లేదు, పాత చెప్పులు విడిచినట్టు విడిచేశానంతే. కానీ నెల తిరక్కుండానే అక్క కూతురి పెళ్ళి కుదిరింది. అక్క పోస్టులో చీరా జాకెట్టు గుడ్డా పంపి, కార్డు రాసింది. "పసుపు నువ్వు ముట్టుకోందే ఎవరినీ ముట్టుకోనివ్వను. రోలు ఖాళీగా ఉంటుంది. నీ ఇష్టం." మా అక్క అన్నంత పనీ చేస్తుంది. నేను రాకపోతే రోలు నిజంగానే ఖాళీగా ఉంటుంది, పిల్ల పెళ్ళిలో అందరి నోళ్ళలోనూ నా రొమ్మే నలుగుతుంది. వెళితే అందరి కళ్ళూ దాని మీదే ఉంటాయి. జ్వరమని రాద్దామని కార్డు తీసి పెట్టుకున్నాను, రాయలేదు.

మర్నాడు మా ఆయన ఆ గుడ్డని, నేను ఆది పెట్టి ఉంచిన సంచిలో వేసుకుని, స్కూలుకి పోయేముందు టైలరు దగ్గరికి వెళ్ళారు. గంటలో వెనక్కి వచ్చారు.

"సంచిలో ఆది లేదంట. ఆది లేందే కుట్టనంది."

"లేకపోవడమేంటండీ? నిన్ననేగా పెట్టాను!"

"లేదు మరి. నిన్నే రమ్మంది, కొలతలు తీసుకుంటుందంట."

ఇల్లంతా వెతికాను. పెట్టెలు, అటక, చాకలి మూట, అన్నీ. వేరే జాకెట్టు ఏదైనా పంపొచ్చుగా అంటారేమో, పంపబోయాను. "ఆవిడ వద్దంది, మనిషే రావాలంది" అన్నారు మా ఆయన, ఎప్పుడూ లేనంత గట్టిగా. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట కుడి వైపంతా పాకింది కానీ, ఎడమ వైపు దాకా రాలేదు.

కోపం మీదే బయల్దేరి వెళ్ళాను. దులిపేద్దామనే వెళ్ళాను. టైలరు గారి భార్య నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. చెవుల నిండా చిన్న చిన్న రింగులు, ముక్కు మీద కళ్ళజోడు. నన్ను చూసి తెర లాగి, పిన్నీసు వేసి బిగించింది.

"ఆది లేకపోతే అంత మాత్రం కుట్టలేరా? పదహారేళ్ళ నుంచి కుడుతున్నారుగా" అన్నాను.

"కుట్టేదాన్నే అమ్మా. కానీ అది మీ కొలత కాదు కదా." మిషను సొరుగులోంచి నా పాత జాకెట్టు ఒకటి తీసింది. నెల కిందట హుక్కులు ఊడిపోయాయని నేను పంపినది. ఎడమ వైపు లోపల చూపించింది. వరసగా పిన్నీసు చిల్లులు. "ఇయ్యి చూశాక తెలిసిందమ్మా. మా పెద్దక్కక్కూడా ఇట్టాగే అయింది. మీరే వస్తారని చూస్తన్నా. మీరేమో రారు, జాకెట్టుని పంపుతారు."

దులిపేద్దామని తెచ్చుకున్న మాటలన్నీ పోయాయి. "పైనుంచే కొలుచుకోండి" అన్నాను.

"పైట మీద కొలిస్తే పైట కొలతొస్తదమ్మా."

జాకెట్టు విప్పాను. పిల్లల్ని కన్నప్పటి మంత్రసాని తరవాత, గుంటూరు డాక్టరమ్మ తరవాత, నన్నలా చూసింది ఆవిడే. ఆవిడ అయ్యో అనలేదు. కళ్ళజోడు సర్దుకుని, "చర్మం ఎంత ఎండిపోయిందో చూడండి. నూనె రాయట్లేదా? ఇది కూడా మీ ఒళ్ళేగా, దీన్నెందుకు పస్తు పెట్టారు?" అని కసిరింది. పాత గుడ్డ ముక్క ఒకటి ఒంటికి చుట్టి, టేపుతో కొలుస్తూ, ఎడమ వైపు సూదులతో బిగిస్తూ అడిగింది.

"బిగుతుగా ఉందా అమ్మా?"

"తెలియట్లేదు."

"ఇప్పుడు?"

"అక్కడ నాకు తెలియదండీ. ఏం చేసినా తెలియదు."

ఆవిడ చెయ్యి ఆగింది. "తెలియకపోతే చూసి చెప్పండి" అంది. నా భుజాలు పట్టుకుని బీరువా వైపు తిప్పింది. బీరువాకి నిలువెత్తు అద్దం ఉంది.

చూశాను. చదునుగా ఉంది. చంక కిందనుంచి మధ్య దాకా ఒక గీత, దాని చుట్టూ ముడతలు. పక్కనే రెండోది, నలభై మూడేళ్ళది, కాస్త జారి. ఎనిమిది నెలలు నేను భయపడింది దీనికి. భయం వేయలేదు, ఏడుపూ రాలేదు. నా ఒళ్ళు పరాయిదైపోయిందనుకున్నాను కదా, చూస్తే నాదే. అమ్మ పోలిక నడుమూ, చిన్నప్పటి కాలిన మచ్చా, అన్నీ అక్కడే ఉన్నాయి. అప్పుడు కాస్త జాలేసింది, దాని మీద.

"చంక దగ్గర బిగుతుగా ఉంది. గుడ్డ పీక్కుపోతోంది" అన్నాను.

"ఆఁ, అట్టా చెప్పండి" అని సూది తీసి వదులు చేసింది. "లోపల చిన్న సంచీ కుడతాను, దూది పెట్టుకుంటే జారదు. పెట్టుకోకపోయినా ముడత పడదు. ఏది కావాలంటే అది."

బాపట్ల పెళ్ళికి ఆ జాకెట్టే వేసుకున్నాను. హాల్లో గోడకి సున్నం వేయించారు, నా బొగ్గు గీతలన్నీ పోయాయి. పసుపు దంచేటప్పుడు సంచీలో దూది పెట్టుకోలేదు. రేపల్లె కబురు మాకంటే ముందే బాపట్ల చేరింది, ఇంక ఎవరి కోసం పెట్టుకోవాలి? పైట బిగించి దోపుకున్నాను. చూసేవాళ్ళు చూశారు. అయిదో పోటుకి చెయ్యి చెవి దాకా లేచింది. అక్క మొహం తిప్పుకుని, కళ్ళల్లో పసుపు పడిందంది. నాకు ఆనందం లాంటిదేమీ కలగలేదు, నిజం చెప్పాలి. పసుపు వాసన మాత్రం బాగా తెలిసింది. చాలా కాలానికి ఒక వాసన తెలిసింది.

కథ ఇక్కడితో అయిపోయిందనే నేనూ అనుకున్నాను. మరుసటేడు తొలకరి వానలకు ముందు పెట్టెల్లో బట్టలు ఎండేద్దామని మా ఆయన ట్రంకు పెట్టె తెరిచాను. డ్రిల్లు చొక్కాల అడుగున వంకాయరంగు కనిపించింది. నా ఆది జాకెట్టు. మడత నలగకుండా, పక్కన రెండు కలరా ఉండలు కూడా వేసి ఉంది.

ఆయన పెరట్లో సైకిలు గొలుసుకి నూనె వేస్తున్నారు. తీసుకెళ్ళి చూపించాను.

"ఇదేంటండీ, మీ పెట్టెలో ఉంది?"

"నేనే పెట్టాను."

"ఎందుకు?"

"ఆది లేకపోతే నువ్వే వెళ్తావని." తల ఎత్తకుండానే అన్నారు. "ఆమెకి నేనే చెప్పాను. ఇంకో జాకెట్టు తెచ్చినా తీసుకోవద్దని."

హాల్లో మంచం, పెరట్లో ఆగి ఆగి వినపడే అంకెలు ఒక్కటొక్కటిగా గుర్తొచ్చాయి. ఈయన మీద కోప్పడాలో ఏం చేయాలో తెలియలేదు.

"సరే, నేను వెళ్ళాను, ఆ పని అయిపోయింది. ఇంక దీంతో పనేముంది? చింపి మసిగుడ్డ చేస్తాను" అన్నాను.

అప్పుడు తలెత్తారు. చేతులకి జిడ్డు. ముట్టుకోబోయి, జిడ్డు చూసుకుని వెనక్కి తీసుకున్నారు.

"వద్దు. అది నాకుండనీ."

పోయింది నాకొక్కదానికే అనుకున్నాను ఇన్నాళ్ళూ. నా ఒళ్ళు, నా గర్వం, నా బాధ, అన్నీ నావేననుకున్నాను. ఆయనకీ ఏదో పోయిందన్న సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు. గుంటూరులో రానిది, రేపల్లెలో రానిది, అద్దం ముందు కూడా రానిది, అప్పుడు వచ్చింది. పెరట్లో నిలబడి, ఆ పాత జాకెట్టుతోనే కళ్ళు తుడుచుకుంటూ ఏడ్చాను. ఆయన జిడ్డు చేతులు ఏం చేసుకోవాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డారు.

తడిసింది కదా అని కాసేపు తీగ మీద ఆరేశాను. ఆరాక చేతులు లోపలికి మడిచి, డ్రిల్లు చొక్కాల అడుగున మళ్ళీ పెట్టేశాను. ఆ సాయంత్రం ఆయన మంచం లోపలికి నేనే లాక్కొచ్చాను, రెండు చేతులతో.